పాడనన్న గాయని ఇంటికి

ఫార్మింగ్టన్ హిల్స్

అమెరికా వెళ్ళొచ్చానంటే మా కాకినాడలో అందరూ నయాగరా జలపాతం గురించే అడుగుతున్నారు. నేను నయాగరా చూడలేదు. తీసుకెళ్తానని మా చెల్లెలు శారద అన్నది నిజమే. కాని ఆ ఆగస్టులో దానికి దొరికిన నాలుగు రోజుల సెలవునీ నేనే వేరే దారి పట్టించాను. ఇది ఆ దారి కథ.

శారద పిల్లల డాక్టరు. మరిది కార్ల కంపెనీలో ఇంజనీరు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు. పొద్దున్న ఎనిమిదింటికల్లా ఇద్దరూ చెరో కారెక్కి వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. వీధిలో మనిషి జాడ ఉండదు. పచ్చటి గడ్డి, మూసిన తలుపులు. నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉన్నది లైబ్రరీ ఒక్కటే. అక్కడ పుస్తకాలతో పాటు గ్రామఫోను రికార్డులు కూడా ఊరికే ఇస్తారు, మూడు వారాలు ఇంట్లో ఉంచుకోవచ్చు. నిఘంటువుని గొలుసుతో బల్లకి కట్టేసిన గ్రంథాలయంలో చదువుకున్నదాన్ని, మొదటిరోజు నమ్మబుద్ధి కాలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను సంగీతం టీచర్ని. ఒకప్పుడు కచేరీలు చేశాను. అమెరికా వెళ్ళడానికి నాలుగేళ్ళ ముందు గొంతులో గడ్డ లేచింది. రిపోర్టులన్నీ శారదకి పంపితే, ఆలస్యం చేయవద్దు, వెంటనే తీయించెయ్యమని రాసింది. తీయించాను. అది భయపడాల్సిన గడ్డ కాదని తరవాత తేలింది. కాని ఆపరేషన్లో గొంతుకి వెళ్ళే సన్నని నరం ఒకటి దెబ్బతింది. పంచమం దాటితే గొంతు గాలైపోయేది. అప్పటినుంచి పిల్లలకి వయొలిన్ వాయించి పాఠం చెబుతున్నాను. శారదా నేనూ ఆ ఉత్తరం గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. నన్ను ఆరు నెలలకి అమెరికా పిలిపించుకోవడం కూడా ఆ మాట్లాడకపోవడంలో భాగమేనని నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం లైబ్రరీలో రికార్డులు తిరగేస్తుంటే ఒక అట్ట మీద బొమ్మ చూసి చెయ్యి ఆగిపోయింది. ఎత్తైన నల్లజాతి స్త్రీ, మెడలో ఒంటిపేట ముత్యాలు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు, మద్రాసులో సంగీతం నేర్చుకుంటున్న రోజుల్లో ఈవిడ పాట విన్నాను. అమెరికా వాళ్ళు స్నేహయాత్ర అని గాయకులను పంపేవారు. మా క్లాసంతా వెళ్ళాం. ఆవిడ తారస్థాయికి వెళ్ళి స్వరాన్ని ఊపుతుంటే మా పిల్లలు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యలో కరెంటు పోయింది. పంకాలు ఆగాయి, మైకు పోయింది. ఆవిడ పాట ఆపలేదు. ఆ చీకట్లో, ఏ యంత్రం సాయం లేకుండా, ఒక మనిషి గొంతు హాలంతా నిండి బయట రోడ్డు మీద రిక్షాల దాకా వెళ్ళింది. ఆ తరవాత మాలో ఎవరూ నవ్వలేదు.

ఆవిడ పేరు ఇక్కడ ఒడెల్లా అనుకుందాం. అసలు పేరూ, ఊరి పేరూ రాయనని మాటిచ్చాను. ఆవిడది నార్త్ కరొలైనాలో చిన్న ఊరని అట్ట వెనక ఉంది. లైబ్రేరియన్ లోపలినుంచి ఆ వైపు టెలిఫోన్ డైరెక్టరీ తెచ్చి, పది నిమిషాల్లో చిరునామా కాగితమ్ముక్క మీద రాసిచ్చింది. ఉత్తరం రాశాను. రెండు వారాలకి జవాబొచ్చింది: "శనివారం ఉదయం రండి. భోజనం మా ఇంట్లోనే. నన్ను పాడమని మాత్రం అడగకండి."

శారద ఆ కార్డు రెండుసార్లు చదివింది.

"పాడదటగా అక్కా. మరి వెళ్ళి ఏం చేస్తావు?"

"చూస్తాను."

"సరే. ఆఫ్ తీసుకుంటా. డ్రైవ్ చేసుకుంటూ వెళ్దాం," అంది.

ఒహాయో దాటి

గురువారం తెల్లవారి బయల్దేరాం. ఒహాయో అంతా మొక్కజొన్న చేలు. గంటల తరబడి చేలు కనబడతాయి గాని చేలో మనిషి కనబడడు. మనకి ఎకరం పొలంలో పదిమంది వంగి ఉంటారు.

మధ్యాహ్నం తరవాత ఒక లారీ వెనకనుంచి హారన్ మోత మొదలుపెట్టింది. మేం జోరు పెంచితే అదీ పెంచింది. "వీడెవడో మ్యాడ్ అక్కా, చూడకు," అంటూ శారద ఇంకా తొక్కింది. చివరికి పెట్రోలు కోసం ఒకచోట ఆగితే లారీ కూడా వచ్చి ఆగింది. గడ్డపు మనిషొకడు దిగి, టోపీ తీసి చేత పట్టుకుని నా తలుపు వైపు చూపించాడు. నా కొంగు తలుపులో పడి, ముప్పై మైళ్ళ బట్టి రోడ్డు ఊడుస్తూ వస్తోంది. జరీ అంచు నల్లటి పీచైపోయింది. "చక్రంలో చుట్టుకుంటుందేమోనని భయమేసిందమ్మా," అన్నాడతను. క్షమాపణ చెప్పి కాఫీ ఇప్పిస్తామంటే, వేళైపోతోందని వెళ్ళిపోయాడు. కాఫీ యాభై సెంట్లు. పలచగా, చేదుగా ఉంటుంది, కాని కప్పు ఖాళీ అయినప్పుడల్లా అడగకుండానే నింపుతారు.

వెస్ట్ వర్జీనియా కొండల్లో

సాయంత్రానికి కొండల్లోకి వచ్చాం. మన అరకు దారిలాగే ఉంది, బొగ్గు లారీలు ఎక్కువ. రాత్రి బసకి ఆగిన మోటెల్లో కౌంటరు దగ్గర గుజరాతీ ఆవిడ కూర్చుని ఉంది. గది ఇరవై రెండు డాలర్లు. నా చిరిగిన కొంగు చూసి, ఏమైందని హిందీలో అడిగింది. కథంతా విని నవ్వి లోపలికి వెళ్ళి, ఒక గిన్నెడు ఇంట్లో తోడు పెట్టిన పెరుగూ, మెంతికూర రొట్టెలూ తెచ్చి పెట్టింది. ఆ ఊళ్ళో మనవాళ్ళు వాళ్ళొక్కరేనట. మూడేళ్ళుగా సాటి ఆడమనిషితో మన మాటలు మాట్లాడలేదంది. హిందీ చాలనప్పుడు ఆవిడ గుజరాతీలోకి, నేను తెలుగులోకి పోయేవాళ్ళం. అయినా చాలాసేపు కూర్చున్నాం.

మర్నాడు దారిలో శారద క్యాసెట్ పెట్టింది. నా పాత కచేరీ. ఎక్కడ సంపాదించిందో తెలియదు.

"ఆపు," అన్నాను.

"బాగుంటుందని..."

"ఆపమన్నాను కదే."

ఆపేసింది. వర్జీనియా దాటేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కొండలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి.

క్యారీ

శుక్రవారం సాయంత్రం క్యారీ చేరాం. పైన్ చెట్ల మధ్య కొత్త ఇళ్ళు. శారద స్నేహితురాలు సుగుణ ఇంట్లో దిగాం. వరంగల్ పిల్ల, భర్త మందుల పరిశోధనలో సైంటిస్టు. పప్పూ, దోసకాయ పచ్చడీ, చారూ చేసి ఉంచింది. దోసకాయ మన దోసకాయ కాదు, కాని ఆవపిండి మనదే.

"ఆమె పాడనన్నా గింత దూరం వచ్చిండ్రా అక్కా? మా ఆయనైతే టెన్ మినిట్స్ కూసుని పాట వినడు," అంది సుగుణ.

వాళ్ళ తొమ్మిదేళ్ళ అమ్మాయి నా పక్కన చేరింది. "ఆంటీ, మీరు సింగర్ అని అమ్మ చెప్పింది. పాడతారా?"

"మానేశానమ్మా."

"ఎందుకు మానేసిండ్రు?"

గొంతు బాగా లేదని చెప్పాను. "రేపు బాగుంటదా?" అంది ఆ పిల్ల. శారద కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొగాకు ఊరు

క్యారీ నుంచి తూర్పుగా గంటన్నర. దారికి రెండువైపులా పొగాకు. ఆ వాసనకి కళ్ళు మూసుకుంటే మా మేనమామగారి ఊరు, రాజమండ్రి అవతల ఆకు వేడికి ఆరబెట్టే బ్యారన్ల వాసన. రోడ్డు పక్క ఒక ముసలాయన డ్రమ్ములో వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతున్నాడు. పొట్లం డాలరు. ఉప్పు నీళ్ళు కారుతూ అచ్చం మన కాయలే. శారద కారు నడుపుతుంటే వలిచి నోట్లో పెట్టాను. నిన్నటినుంచి మా ఇద్దరి మధ్యా ఉన్న బిగువు కొంచెం సడలింది.

ఒడెల్లాది చెక్క ఇల్లు. వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. ఫొటోలో ఉన్నంత ఎత్తూ ఉంది, లేవడానికి మాత్రం మోకాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. వీధిన పోయేవాళ్ళు "మిస్ ఒడెల్లా" అని పలకరిస్తున్నారు. అక్కడ పెద్దవాళ్ళ పేరుకి ముందు అలా మిస్ చేరుస్తారు, మనం వెనక గారు చేర్చినట్టు.

"మద్రాసు," అంది నా చెయ్యి పట్టుకుని. "ఆ రోజు కరెంటు పోయింది. పియానో మెట్లు చెమటకి జారిపోతున్నాయని మా వాయిద్యకారుడు ఏడ్చినంత పని చేశాడు. మీరు నవ్వారా?"

"మొదట నవ్వాను."

"నిజం చెప్పారు. అయితే కూర్చోండి."

భోజనానికి వేయించిన బెండకాయలు, మొక్కజొన్న రొట్టె, ఏదో ఆకుకూర పెట్టింది. ఆకుకూర తోటకూర పులుసులా నోరూరించింది గాని, అందులో పంది మాంసం ముక్కలున్నాయని శారద అడిగి తెలుసుకుంది. నేను మొహమాటపడుతుంటే ఒడెల్లా గిన్నె తీసేసి, టొమాటోలూ పీచ్ పళ్ళూ కోసి పెట్టింది. టీలో ఐసు ముక్కలు, పాకమంత చక్కెర.

తింటూ తన కథ చెప్పింది. తండ్రి పరాయి పొలంలో పాలికి పొగాకు పండించేవాడు. ఏడేళ్ళప్పుడు చర్చిలో పాడుతుంటే బడి పంతులమ్మ విని, ఊరంతా తిరిగి చందా పోగుచేసి చదువుకి పంపింది. న్యూయార్కులో పగలు పాఠాలు, సాయంత్రాలు ఆఫీసుల్లో నేల తుడవడం. పోటీలో నెగ్గింది. కాని తన రంగు మనిషిని నాయిక వేషంలో నిలబెట్టే థియేటర్లు అప్పుడు అమెరికాలో ఎన్నో లేవు. ఓడెక్కి జర్మనీ వెళ్ళింది. అక్కడొక ఊరి ఒపేరా థియేటర్లో పదిహేడేళ్ళు పాడింది. ఒపేరా అంటే మొత్తం పాటల్లోనే నడిచే నాటకం, మన యక్షగానంలాంటిది. రాజకుమార్తె అయింది, జపాను పిల్ల అయింది, క్షయతో చచ్చిపోయే సుందరి అయింది.

"జర్మన్లో కలలు కూడా వచ్చేవి," అంది. "ఆ కలల్లో మాత్రం మా దేశంలోనే పాడుతుండేదాన్ని. మా పంతులమ్మ ముందు వరసలో ఉండేది."

నలభై నాలుగో ఏట కబురొచ్చింది. అమెరికాలోనే చాలా పెద్ద థియేటర్, నాయిక వేషం. వచ్చింది. పంతులమ్మ అప్పటికి పోయి ఏడాది. మూడు ప్రదర్శనలు పాడింది. మూడోసారి పైస్వరం ఒకటి అందలేదు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఆ సీజను అయ్యాక మళ్ళీ పిలవలేదు. ఇంటికొచ్చేసింది. పదమూడేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతూ, చర్చి బృందాన్ని నడిపిస్తోంది.

"ఇప్పుడు మీ సంగతి చెప్పండి," అంది.

చెప్పాను. గడ్డ, ఆపరేషన్, నరం. ఉత్తరం సంగతి వచ్చేసరికి "ఒక డాక్టరు సలహా మీద" అన్నాను. శారద లేచి వరండాలోకి వెళ్ళింది.

"పాడండి, విందాం," అంది ఒడెల్లా.

"పాడమని అడగవద్దని మీరే రాశారుగా."

"నన్ను అడగవద్దన్నాను. నేను అడగనని రాయలేదు."

పియానో దగ్గరికి నడిచాం. నేను పాట మొదలుపెట్టే స్వరం, అంటే నా షడ్జం, ఏదో చూపించమంది. ఐదు శ్రుతి మెట్టు నొక్కాను. సరిగమ బాగానే ఉంది. పంచమం దాటగానే గొంతు చీలి గాలి వచ్చింది. నాలుగేళ్ళలో మరొకరి ముందు నోరు తెరవడం అదే మొదలు. సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది.

"ఆ మెట్టే ఎందుకు?" అంది.

"అది నా శ్రుతి. పదహారో ఏట మా గురువుగారు పెట్టారు."

"పాట రాసినాయన అక్కడే పాడాలన్నాడా?"

"లేదు. మాలో ఎవరి శ్రుతి వాళ్ళది. ఏ మెట్టు మీద మొదలుపెట్టినా పరవాలేదు. మిగతా స్వరాలు దాన్నిబట్టి వస్తాయి."

ఆవిడ నెమ్మదిగా అడిగింది. "అంటే పాటని కిందికి దించుకోవచ్చా? కచేరీలో? ఎవరూ ఏమీ అనరా?"

"అనరు."

"మాకలా కుదరదమ్మా. ఎప్పుడో చచ్చిపోయినాయన ఎక్కడ రాస్తే అక్కడే. అరవైమంది వాద్యగాళ్ళు ఆ చోటే వాయిస్తుంటారు. ఒక్క స్వరం అందలేదంటే వెనకాల ఇంకొకావిడ సిద్ధంగా ఉంటుంది. నాకు ఒక్క రెండు మెట్లు దించుకోనిస్తే..." అని ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం ఉంది. "మీకు ఎక్కడైనా మొదలుపెట్టుకునే వీలుండీ నాలుగేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారా?"

ఆ కోపం నా మీద మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది. అయినా జవాబు చెప్పాలి. ఊళ్ళో కొందరు ఆ మాట అనకపోలేదు. శ్రుతి దించుకోమన్నారు. నేనే వినలేదు.

"దించితే ఆ గొంతు పోయిందని ఒప్పుకున్నట్టే కదా," అన్నాను.

"పోయింది," అంది ఒడెల్లా.

నాలుగేళ్ళుగా అందరూ తగ్గుతుందనీ, మిరియాల పాలు తాగమనీ, దేవుడున్నాడనీ అన్నవాళ్ళే. పోయిందని ఎవరూ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా ఉండి, పియానో మీద ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చింది. మూడు శ్రుతి దగ్గర ఆగి, నా డొక్క మీద అరచెయ్యి పెట్టి, "ఇక్కడినుంచి," అంది.

సావేరి రాగం మొదలుపెట్టాను. అది నా గొంతని నాకే గుర్తు తెలియలేదు. బరుగ్గా, ఇసక మీద నడిచినట్టుంది. పంచమం దాటాను. ధైవతం మీద నిలిచాను. పై షడ్జం కొంచెం ఒణికింది గాని చీలలేదు. పదిహేను నిమిషాలు పాడి ఉంటాను. కళ్ళు తెరిచేసరికి వల తలుపు అవతల శారద నిలబడి ఉంది, లోపలికి రాకుండా, బయటికి పోకుండా.

"మీ పాత గొంతు నేను వినలేదు," అంది ఒడెల్లా. "కనుక నాకిందులో ఏ లోటూ కనబడలేదు."

ఆదివారం

మర్నాడు చర్చికి రమ్మంది. పిల్లా పెద్దా అందరూ పట్టుబట్టలు కట్టుకున్నంత శ్రద్ధగా ముస్తాబై వచ్చారు. ఆడవాళ్ళ టోపీల మీద పూలు. నా చీర చూసి ముగ్గురు ముసలమ్మలు పక్కకి జరిగి చోటిచ్చారు. బృందం పాడుతుంటే జనం వంత కలుపుతారు, మన భజనలోలాగే చప్పట్లు కొడతారు.

ఒడెల్లా బృందం ముందు నిలబడి చేతులతో నడిపిస్తోంది. నేను పక్క వరసలో ఉన్నాను కనుక ముఖం కనబడుతోంది. ప్రతి మాటకీ పెదవులు కదుపుతోంది, శబ్దం రాకుండా. పిల్లలకి మాటలు అందిస్తోందనుకున్నాను. తరవాత డొక్కలు చూశాను. ప్రతి చరణానికీ నిండా ఊపిరి తీసుకుంటోంది, ఎంత కావాలో అంతా. చరణం చివరిదాకా దాన్ని పట్టి ఉంచి సన్నగా వదులుతోంది. అరవైమంది వాద్యగాళ్ళ మీదుగా పాడేవాళ్ళు తీసుకునే ఊపిరి. ఆ ఊపిరి మీద స్వరం ఒక్కటే లేదు. పాడమని అడగాలని గొంతు దాకా వచ్చింది. వద్దని ముందే రాసింది కనుక అడగలేదు.

వీడ్కోలు దగ్గర, వచ్చే ఉత్తరంలో మాటలు కాదు, పాట పంపమంది.

తిరుగు దారి

సోమవారం తిరుగు ప్రయాణం. కొండలెక్కుతుండగా శారద రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పకుండా మొదలుపెట్టింది.

"ఆ లెటర్ రాసేటప్పుడు నేను డాక్టర్‌గా రాయలేదక్కా. భయపడి రాశాను. పేషంట్ ఎవరో అయితే ఇంకో ఒపీనియన్ తీసుకోమని చెప్పేదాన్ని. నువ్వు కాబట్టి వెయిట్ చేయలేకపోయాను."

"నాకు కోపం ఉంది," అన్నాను. "లేదని ఎందుకు చెప్పాలి? నువ్వలా భయపడి రాయకపోతే, అప్పుడూ కోపం వచ్చేదేమో."

అది ఏడుస్తూ కారు నడుపుతుంటే నాకు భయం వేసి, పక్కకి ఆపమన్నాను. ఆగాం. దాని కళ్ళు తుడిచాను. కాసేపటికి, మొన్న నేను ఆపించిన క్యాసెట్ పెట్టమన్నాను. ఒకవైపు అయ్యేదాకా విన్నాం. ఆ అమ్మాయి చాలా బాగా పాడింది. ఆ మాట అన్నాను కూడా.

కాకినాడ

వచ్చి ఏడాది కావస్తోంది. మూడు శ్రుతిలో సాధన చేస్తున్నాను. మొన్న మాఘమాసంలో ఒకరింట్లో పాతికమంది ముందు గంట పాడాను. కొందరికి నచ్చింది, కొందరు పాత గొంతు తలుచుకుని జాలిపడ్డారు. ఆ పాటే క్యాసెట్లో ఎక్కించి ఒడెల్లాకి పంపాను.

నిన్న జవాబొచ్చింది. నా క్యాసెట్టు నాలుగుసార్లు విన్నదట. తరవాత ఒక ఉదయం కిటికీలన్నీ వేసుకుని, టెలిఫోను తీసి పక్కన పెట్టి, ఆ మూడో ప్రదర్శనలో తనకి అందని పాటని పియానో మీద నాలుగు మెట్లు కిందికి దించుకుని మొదటినుంచి చివరిదాకా పాడుకుందట. "ఆ స్వరం అందింది. ఈ మాట మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, మీకే రాస్తున్నాను," అని రాసింది.

ఉత్తరం మడిచి గుమ్మంలో కూర్చున్నాను. మూసిన కిటికీల వెనక ఆ పాట ఎలా ఉండి ఉంటుందోనని చాలాసేపు ఊహించుకోబోయాను. నాకు వినబడలేదు.